మీటల ముచ్చట: మారియోకి సి కార్డు వేయకండి

ప్రశ్న: స్టూడియోల్లో వాయించిన మా మావయ్య తన యమహా డీఎక్స్7 కీబోర్డు నాకిచ్చారు. దాని మీద సూపర్ మారియో వీడియోగేమ్ పాట వాయిస్తున్నాను. కుడిచేతి స్వరాలన్నీ కరెక్టే, ఎడమచేత్తో కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) కూడా వేస్తున్నాను. అయినా ఆ పాటలా లేదు. తప్పెక్కడ?
– కె.ఆర్., పెరంబూరు

జవాబు: ఎడమచేతిలోనే. మొదట్లో వచ్చే 'ఇ ఇ ఇ' కింద మీరు సి మేజర్ వేస్తున్నారని పందెం కాస్తాను. కోడంబాకంలో ఇరవై ఏళ్లు కాల్‌షీట్ల మీద బతికిన నేనూ మొదట అదే వేశాను. "నాన్నా, ఇది మారియో కాదు, స్కూల్ యానివర్సరీ" అన్నాడు మావాడు. అసలు పాటలో అక్కడ బేస్ డి, మధ్య గొంతు ఎఫ్ షార్ప్, పైన ఇ. అంతే, మూడు స్వరాలు. ఆ ఎఫ్ షార్ప్ ఒక్కటి పెట్టి చూడండి, బొమ్మ గెంతుతుంది.

కోజి కొండో 1985లో ఈ పాట కట్టిన నింటెండో గేమ్ సెట్‌లో ఉన్నవి ఐదు గొంతులే. రెండు పల్స్, ఒక ట్రయాంగిల్ (రెండూ శబ్ద తరంగాల ఆకారాల పేర్లు), ఒక నాయిజ్, ఇంకొకటి శాంపిల్స్ (రికార్డు చేసిన శబ్దాలు) కోసం. మారియోలో ఆ ఐదోదాన్ని ముట్టుకోనేలేదు. డ్రమ్స్ అని మనం అనుకునేది ఆ నాయిజ్ గొంతు 'చ్ చ్' అనడమే. బేస్ పాడే ట్రయాంగిల్‌కి వాల్యూమ్ పెంచడం, తగ్గించడం లేదు. మోగితే మోగుతుంది, లేకపోతే ఆగుతుంది. కాబట్టి మీ బేస్ వీణ తీగలా సన్నగిల్లకూడదు. హార్మోనియం మీటలా వేలు ఉన్నంతసేపూ ఒకేలా పలికి, తీయగానే టక్కున ఆగాలి.

ఇక డీఎక్స్7. ఇందులో పల్స్ తరంగం నేరుగా దొరకదు, శబ్దం పుట్టించే ఆరు ఆపరేటర్లూ ఇచ్చేవి నున్నటి సైన్ తరంగాలే. 5వ ఆల్గరిథమ్ (ఆపరేటర్లను కలిపే అమరిక) తీసుకోండి, అందులో ఆపరేటర్లు మూడు జతలుగా ఉంటాయి. 1, 2 ఉంచి మిగతావి ఆపేయండి. 1వ దాని ఫ్రీక్వెన్సీ 1, 2వ దానిది 2. ఇప్పుడు 2వ దాని లెవెల్ కొంచెం కొంచెంగా పెంచుతూ వినండి. క్లారినెట్‌లాంటి బోలు గొంతు వచ్చిన చోట ఆగండి. బేస్‌కి ఒక్క ఆపరేటర్ చాలు. వెలాసిటీ సున్నా చేయండి. ఎంత గట్టిగా నొక్కామన్నది ఆ గేమ్ చిప్‌కి తెలియదు కదా! ఈ కీబోర్డు ఒకసారికి ఒక్క టోనే ఇస్తుంది కాబట్టి, మూడు గొంతుల్నీ విడివిడిగా లాప్‌టాప్‌లో రికార్డు చేసి కలపండి. రివర్బ్ (ప్రతిధ్వని) మీద చెయ్యి వేయకండి. వేస్తే గుళ్లో మైకు పెట్టినట్టుంటుంది.

అడగని సంగతి ఒకటి. దాని లోపలి 3 వోల్టుల కాయిన్ సెల్‌ని బోర్డుకి సోల్డర్ చేసి ఉంటారు. అది చచ్చిన రోజున మీ మావయ్యగారి టోన్లన్నీ పోతాయి. ముందు వాటిని మిడి (కీబోర్డును కంప్యూటర్‌కి కలిపే పద్ధతి) ద్వారా కంప్యూటర్‌లో దాచుకుని, రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సెల్లూ హోల్డరూ కొని వేయించండి.

ప్రశ్న: చిన్నప్పుడు టీవీకి తగిలించే గేమ్‌లో విన్న పాటలు నిదానంగా ఉండేవి. ఇప్పుడు నెట్‌లో వింటే పరుగే పరుగు. నా జ్ఞాపకం తప్పా? ఏ వేగంలో వాయించాలి?
– ఎస్.వి., విల్లివాక్కం

జవాబు: జ్ఞాపకం నిజమే అయ్యుండొచ్చు. జపాన్, అమెరికా సెట్లు సెకనుకు దాదాపు 60 సార్లు తెర మారుస్తాయి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టీవీలకు తగ్గట్టు చేసినవి 50 సార్లు. పాట నడక సాధారణంగా ఆ లెక్క మీదే ఉండేది. నిమిషానికి 180 దెబ్బల పాట 150కి దిగిపోతుంది. నేనైతే 150లోనే వాయిస్తాను. కరెంటు పోయేలోపు లెవెల్ దాటాలని మావాడు పడ్డ టెన్షనంతా నాకు ఆ నడకలోనే వినిపిస్తుంది.

ప్రశ్న: జపాన్ నుంచి వచ్చిన పాత రోలాండ్ జూనో-106 సింథసైజర్ అమ్మకానికి ఉంది. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, మడిపాక్కం

జవాబు: వెనక 100 వోల్టులని రాసి ఉంటే, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టకండి. నేను ఇంకో జపాన్ కీబోర్డును అలాగే పెట్టి, పొగ చూశాను. జూనో 1984 నాటిది, ఆరు గొంతులది. ఆరు మీటలు కలిపి పట్టుకుని వినండి. ఐదే పలికితే వాయిస్ చిప్ ఒకటి పోయినట్టే, ధర ఆ మేరకు దించండి. అన్నీ పలికితే మాత్రం వదలకండి. పల్స్ వెడల్పు మార్చే స్లైడర్ దాని మీదే ఉంది, పై కెఆర్‌గారిలా ఆపరేటర్లతో కుస్తీ పట్టక్కర్లేదు.

ప్రశ్న: వీణ ప్రాక్టీసు మానేసి మా అమ్మాయి క్యాసియో మీద టెట్రిస్ ట్యూనే వాయిస్తోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, టి.నగర్

జవాబు: అమ్మా, అది గేమ్ కోసం పుట్టిన ట్యూన్ కాదు. 'కొరోబెయ్నికి' అనే 19వ శతాబ్దపు రష్యన్ పాట, 1989లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టుకునే గేమ్ సెట్ కోసం హిరోకాజు తనాకా అమర్చారు. మొదటి భాగం స్వరాలు నఠభైరవివి. నిదానంగా నడిచే రెండో భాగంలో నిషాదం ఒక మెట్టు పైకెక్కి కీరవాణి స్వరాలు వస్తాయి. ఆ కాకలి నిషాదం ఎక్కడ తగిలిందో వీణ మీద పట్టుకోమనండి. పట్టుకుంటే నాకో ఉత్తరం రాయమనండి. క్యాసియో వాల్యూమ్ మాత్రం రాత్రి తొమ్మిది దాటాక తగ్గించమనండి, కింది ఇంటివాళ్లకి ఈ రాగాలతో పనిలేదు.