వృషణం దిగకపోతే... గర్భాశయం ఏర్పడకపోతే...

ప్రశ్న: మా బాబుకు ఐదు నెలలు. నెలలు నిండే పుట్టాడు. కుడి వృషణం తిత్తిలో తగలడం లేదు. నడక వస్తే అదే దిగుతుందని మా అత్తగారు అంటున్నారు. ఆగవచ్చా?
– ఓ తల్లి, కర్నూలు

జవాబు: ఆరో నెల నిండేదాకా ఆగండి. నడక దాకా మాత్రం వద్దు.

వృషణం తయారయ్యేది కడుపులో, కిడ్నీల దగ్గర. పిండానికి ఏడో వారం వచ్చేదాకా ఆడైనా మగైనా బీజగ్రంథి ఒకేలా ఉంటుంది. వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై జన్యువు పనిచేస్తే అది వృషణమవుతుంది. 15వ వారానికల్లా గజ్జ పైభాగానికి చేరుతుంది. 25 నుంచి 35 వారాల మధ్య మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ప్రభావంతో గజ్జ దాటి తిత్తిలోకి దిగుతుంది. ఎక్కువగా ఆగిపోయేది ఈ రెండో విడతలోనే. అందుకే నెలలు నిండకుండా పుట్టిన మగపిల్లల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

పుట్టిన తొలి నెలల్లో ఆ హార్మోన్ మళ్లీ పెరుగుతుంది కాబట్టి చాలామందికి అప్పుడు దిగిపోతుంది. ఆరు నెలలు దాటాక ఆ అవకాశం చాలా తక్కువ.

గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించాక, మీ చేతులు వెచ్చగా ఉన్నప్పుడు ఓసారి చూడండి. అప్పుడు తిత్తిలోకి వచ్చి కాసేపు నిలిస్తే, అది పైకీ కిందికీ జారే రకం. దానికి ఆపరేషన్ అక్కర్లేదు, ఏటా చూపిస్తే చాలు. రాకపోతే పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఆయన చేతితో చూసే పరీక్షే ముఖ్యం. స్కాన్‌లో కనపడనంత మాత్రాన వృషణం లేదని కాదు, డబ్బు దండగ.

ఆపరేషన్‌కి తగిన వయసు 6 నుంచి 18 నెలలు. తిత్తి కన్నా ఒళ్లు రెండు మూడు డిగ్రీలు వేడి. ఆ వేడిలో వీర్యకణాలకు మూలమైన కణాలు తగ్గిపోతాయి, పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పూ కొంత పెరుగుతుంది. ఈలోగా గజ్జలో గట్టి వాపు వచ్చి బాబు గుక్కపట్టి ఏడిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. హెర్నియా ఇరుక్కుని ఉండొచ్చు, వృషణం మెలిపడి ఉండొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, రజస్వల కాలేదు. ఛాతీ ఎదుగుదల బాగానే ఉంది. స్కాన్‌లో గర్భాశయం లేదు, ఎడమ కిడ్నీ కూడా లేదన్నారు. రెంటికీ ఏమిటి సంబంధం?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: పిండంలో వోల్ఫియన్, ముల్లేరియన్ అని రెండు జతల నాళాలుంటాయి. కిడ్నీకి మొలక వేసేది వోల్ఫియన్ నాళం. గర్భాశయమయ్యే ముల్లేరియన్ నాళం దాన్ని ఆనుకునే కిందికి పెరుగుతుంది. మొదటిదానికి దెబ్బ తగిలితే రెండూ పోతాయి. అండాశయాలు వేరేచోట పుడతాయి కాబట్టి అవి మామూలుగానే ఉంటాయి, ఛాతీ ఎదుగుదలా అందుకే. దీన్ని ఎంఆర్‌కేహెచ్ అంటారు. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది.

ఆ మాట ఖాయం చేసేముందు క్రోమోజోమ్ పరీక్ష, టెస్టోస్టిరాన్ పరీక్ష తప్పనిసరి. మగవారికుండే ఎక్స్‌వై క్రోమోజోములుండి, లోపల వృషణాలుండి, శరీరం టెస్టోస్టిరాన్‌కు స్పందించని స్థితిలోనూ పైకి ఇలాగే కనిపిస్తుంది. అందులో జననాంగాల దగ్గర వెంట్రుకలు దాదాపు ఉండవు. రెంటికీ వైద్యం వేరు.

ఎంఆర్‌కేహెచ్ అని తేలితే, యోని పొట్టిగా ఉన్నా ఆపరేషన్‌కి తొందరపడొద్దు. అమ్మాయి సిద్ధపడ్డాక డైలేటర్లతో (నున్నటి కడ్డీల్లాంటి సాధనాలు) మెల్లగా సాగదీయడమే మొదటి వైద్యం. పెళ్లయ్యాక తన అండాలతోనే సరోగసీకి 2021 చట్టం అవకాశమిస్తుంది. ఉన్నది ఒక్క కిడ్నీ కాబట్టి ఏటా బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించండి. నొప్పి మాత్రలు సొంతంగా వేయొద్దు.