మెల్‌బోర్న్‌లో వాలిన ఇటుక గోడ తీసేసి చెక్క ఫ్రేముతో రెండర్ గోడ కట్టొచ్చా?

కట్టొచ్చు. ఇంటి ముందున్న 1.8 మీటర్ల అలంకార గోడ రోడ్డు వైపు వాలిందని, దాని మీదే రెండర్ (గోడ పైపూత) పూయిస్తే చాలదా అని కూడా అడిగారు. చాలదు. అర ఇటుక గోడ మందం 110 మి.మీ. మాత్రమే. స్తంభాలూ కడ్డీలూ లేకపోతే దాన్ని నిలబెట్టేది దాని బరువొక్కటే. దారానికి బరువు కట్టి పైనుంచి వేలాడదీయండి. వాలు 30 మి.మీ. దాటితే పడగొట్టాల్సిందే. పగుళ్లు కనబడకుండా పూత పూసి డబ్బులు తీసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి గోడకి జాలీలూ బోర్డులూ బిగించడం ఇంకా ప్రమాదం. 2013 మార్చి 28న ఇదే ఊళ్లో స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో ఇటుక గోడ గాలికి ఫుట్‌పాత్ మీద కూలి ముగ్గురు పోయారు. దానికి బిగించిన చెక్క హోర్డింగ్ గోడ కన్నా ఎత్తుగా ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి తోపు గోడ అడుగున ఎన్నో రెట్లవుతుంది.

ముందు ఫుట్‌పాత్ వైపు అడ్డం కట్టి, పై వరస నుంచి ఒక్కో ఇటుకా తీయండి. తోసి పడేయొద్దు, చదరపు మీటరు దాదాపు 200 కిలోలుంటుంది. కొత్త గోడ 50 కిలోల లోపే. అంటే బరువు సాయం ఉండదు, గాలిని ఆపాల్సింది పోస్టులే. తవ్వకముందు ‘బిఫోర్ యూ డిగ్’లో (భూమి కింద లైన్లెక్కడున్నాయో చెప్పే సేవ) గ్యాస్, కరెంటు లైన్లు చూసుకోండి. ఎత్తుకి అనుమతి కావాలేమో కౌన్సిల్‌ని అడగండి.

పోస్టులు 90×90 మి.మీ. హెచ్4 (మట్టిలో పాతే తరగతి) ట్రీటెడ్ పైన్, అంటే చెదలు, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించిన చెక్క, 1.2 మీటర్లకొకటి, 900 మి.మీ. లోతు కాంక్రీట్‌లో. పైన బిగించే బోర్డు షీటు వెడల్పు కూడా 1.2 మీటర్లే కాబట్టి జాయింటు సరిగ్గా పోస్టు మీద పడుతుంది. కోసిన కొన మట్టిలోకి పోకూడదు. మధ్యలో 90×45 మి.మీ. హెచ్3 (నేలకి పైన వాడే తరగతి) నిలువు కర్రలు 400 మి.మీ. ఎడంతో. గాలి బాగా తగిలే చోటైతే ఇంజనీరుకి చూపించండి. మేకులు గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ వాడండి, మామూలు మేకుల్ని ట్రీట్‌మెంట్‌లోని రాగి తినేస్తుంది.

రెండు వైపులా 7.5 మి.మీ. బ్లూబోర్డ్ (రెండర్ పూయడానికి వాడే ఫైబర్ సిమెంటు షీటు), జాయింట్ల మీద మెష్ టేపు, పైన రెండు కోట్లు యాక్రిలిక్ రెండర్. ఇసుక సిమెంటు పూత వద్దు, చెక్క కదిలితే పగులుతుంది. 5 మీటర్ల లోపు ఒక కదలిక జాయింటు వదలండి.

ఈ గోడలు చెడేది ఎక్కువగా నీటివల్లే. బోర్డు అడుగు నేలకి 50 మి.మీ. పైన ఆగాలి, తర్వాత అక్కడ మట్టి పోయకూడదు, పూలమొక్కలు పెట్టకూడదు. గోడ నెత్తిన రేకు టోపీ రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చి నీళ్లు పూత మీద కారకుండా చూడాలి. గేటు మాత్రం ఈ ఫ్రేముకి వేలాడదీయొద్దు, దానికి వేరే పోస్టు పాతించండి.