హైస్కూలే పూర్తి చేయని గ్రేసియెలా ఒలివారెజ్ లాయర్ ఎలా అయ్యారు?

1928లో అమెరికాలోని ఆరిజోనాలో, మెక్సికన్ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. చదువు మధ్యలోనే మానేసినా, ఫీనిక్స్‌లో స్పానిష్ రేడియోలో పనిచేస్తూ, పేదల కోసం, పౌరహక్కుల కోసం కొట్లాడుతూ పేరు తెచ్చుకున్నారు. అది చూసే నోటర్‌డామ్ యూనివర్సిటీ అధ్యక్షుడు ఫాదర్ హెస్‌బర్గ్, డిగ్రీ లేకపోయినా ఫర్వాలేదు, వచ్చి లా చదవమని పిలిచారు. 1970లో, 42 ఏళ్ల వయసులో, అక్కడ లా పట్టా అందుకున్న మొదటి మహిళ ఈమే. గౌరవ డాక్టరేట్ లాంటిదేమో అనుకోకండి, చదివి తెచ్చుకున్నదే.

తర్వాత న్యూమెక్సికోలో ప్రొఫెసర్. 1977లో ప్రెసిడెంట్ కార్టర్ పేదరిక నిర్మూలన కార్యక్రమాలు చూసే ఫెడరల్ సంస్థని ఈమె చేతిలో పెట్టారు. ఒక ముద్రలో ఇమడని మనిషి, మహిళా హక్కుల సంస్థ ‘నౌ’ని స్థాపించినవారిలో ఒకరై ఉండీ అబార్షన్‌ని గట్టిగా వ్యతిరేకించారు.