నాలుగులో మాత్రమే తిరిగే బ్లోయర్ గురించి అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. అమెరికాలో మిన్నియాపోలిస్‌లో నువ్వు కొన్న 2005 టయోటా కరోలా కారులో హీటరు బ్లోయర్ (గాలి తోసే ఫ్యాను) నాలుగో నంబరు స్పీడులో తప్ప తిరగడం లేదట. వర్క్‌షాపు వాళ్లు చెప్పిన ధర విని, శనివారం నేనే విప్పుకుంటానన్నావట. టార్చి పట్టుకోమంటే బోల్టు మీద కాకుండా నా మొహం మీద వేసే పిల్లవి, ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింద తల పెడతానంటున్నావు. "చెయ్యనీరా, దానికి చేతులు లేవా" అని మీ నాన్నతో ధైర్యంగానే అన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

నా భయం ముందు చెప్పేస్తాను. ఈ పనికి ఇంజను నడవక్కర్లేదు. తాళం ఆన్‌లో ఉంటే చాలు, బ్లోయర్ బ్యాటరీ మీద తిరుగుతుంది. చలిగా ఉందని షెడ్డు తలుపు మూసి, ఇంజను ఆన్ చేసుకుని లోపల కూర్చున్నావో, నీ వీపు మీద ఒకటి వెయ్యడానికి నేను అక్కడ లేను. సైలెన్సర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగుండదు, వాసనుండదు, మత్తు కమ్ముతున్నా తెలియదు. మంచులో బండి ఆపుకున్నప్పుడు కూడా సైలెన్సర్ గొట్టం మూతి పూడిపోయిందేమో దిగి చూసి, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యి.

ఇక బండి సంగతి. ఇక్కడ నా వర్క్‌షాపుకి మనవాళ్లు హీటరు కోసం ఎవరూ రారు, ఏసీ గాలి రావట్లేదని వస్తారు. పెట్టె అదే, మోటారు అదే, జబ్బు కూడా అదే. మన దేశంలోకి కరోలా 2003లో వచ్చింది కాబట్టి ఆ గ్లౌవ్ బాక్సు (డ్రైవరు పక్క సీటు ముందుండే అర) వెనకాల ఏముంటుందో నాకు బాగా తెలుసు. మనకి స్టీరింగు కుడివైపు, నీకు ఎడమవైపు. నేను చెప్పేదాన్ని అద్దంలో చూసుకో, అంతే.

ఒకటి, రెండు, మూడు చచ్చి నాలుగు బతికిందంటే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), మోటారుకి కరెంటు చేరే దారి బాగున్నట్టే. తక్కువ స్పీడుల్లో మోటారు కరెంటు, దాన్ని తగ్గించే ఒక రెసిస్టర్ గుండా పోతుంది. నాలుగులో దాన్ని తప్పించుకుని నేరుగా పోతుంది. రెసిస్టర్ అంటే చిన్న పలక మీద రెండు మూడు తీగ చుట్లు, వాటితో పాటు వేడెక్కితే తెగిపోయే చిన్న థర్మల్ ఫ్యూజు. అది తెగితే మూడు స్పీడులూ ఒకేసారి పోతాయి. నీకు జరిగింది అదే అయి ఉంటుంది. (అసలు ఏ నంబరులోనూ తిరగకపోతే కథ వేరు: ఫ్యూజు, రిలే, ఎర్తు (బండి బాడీకి కలిసే నెగెటివ్ దారి), మోటారు, ఆ వరసలో చూడాలి. నాలుగు ఒక్కటే తిరగకపోతే స్విచ్చిని అనుమానించు.)

విప్పేటప్పుడు: బ్యాటరీ నెగెటివ్ తీసి కనీసం 90 సెకన్లు ఆగు. గ్లౌవ్ బాక్సుకి పైనే ఎయిర్‌బ్యాగ్ ఉంది, పసుపు రంగు కనెక్టర్ల (వైర్ల ప్లగ్గుల) జోలికి పోకు. గ్లౌవ్ బాక్సు రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి జారుతుంది. మీ చలికి ప్లాస్టిక్ గాజులా పెళుసెక్కి ఉంటుంది, ముందు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టు. రెసిస్టర్‌కి రెండు స్క్రూలు, మోటారుకి మూడు. కనెక్టరు ఊడదీసేటప్పుడు లాక్ నొక్కి ప్లగ్గు పట్టుకుని లాగు, వైర్లు పట్టుకుని కాదు. తీసిన రెసిస్టర్‌ని మల్టీమీటరుతో ఓమ్‌లలో చూడు. బాగున్న చుట్టు మూడు ఓమ్‌ల లోపే చూపిస్తుంది, తెగినది ఏమీ చూపించదు.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని మాత్రం రెండుసార్లు చదువు.

కొత్త రెసిస్టర్ కొని, పాత కనెక్టరులోనే గుచ్చి, తిరిగింది కదా అని గ్లౌవ్ బాక్సు మూసేస్తారు. ఈ పనిలో అందరూ చేసే తప్పు ఇదే, నా చేతులు కూడా దీనికి అతీతం కాదు. నెలా రెండు నెలల్లో బండి మళ్లీ వస్తుంది. ఈసారి కాలిన ప్లాస్టిక్ వాసనతో వస్తుంది. ఎందుకో చెబుతాను విను. కనెక్టరు లోపల ఆడ టెర్మినల్ అంటే చిన్న రేకు స్ప్రింగు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ఆ రేకు బిగువు పోతుంది, మగ పిన్నుని గట్టిగా పట్టుకోదు. పట్టు వదులైన చోట కేవలం 0.1 ఓమ్ అడ్డం పడిందనుకో. దాని గుండా 15 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 22 వాట్లు దాటుతుంది. మీ నాన్న రేడియోలు బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాన్ని తీసుకెళ్లి ఆ ప్లాస్టిక్ ప్లగ్గులో గుచ్చి వదిలేసినట్టే. పైగా ఫ్యూజు ఇక్కడ నిన్ను కాపాడదు. వదులు జాయింటులో కరెంటు పెరగదు, కొంచెం తగ్గుతుంది కూడా, కాబట్టి ఫ్యూజు హాయిగా కూర్చుని చూస్తూ ఉంటుంది.

అందుకని కనెక్టరుని కిటికీ దగ్గరికి లాగి పగటి వెలుగులో చూడు. తెల్లటి ప్లాస్టిక్ ఏదైనా ఒక రంధ్రం చుట్టూ టీ మరకలా గోధుమ రంగుకి తిరిగిందా? ఒక పిన్ను మెరుపు పోయి నీలంగా, నల్లగా ఉందా? ఆ పక్కన వైరు తొడుగు గట్టిపడి, వంచితే పెళుసుగా పగులుతోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇసుక కాగితంతో గీకి సరిపెట్టకు. వైర్లు వేలాడే కొత్త కనెక్టరు విడిగా దొరుకుతుంది, రెసిస్టర్‌తో పాటే తెప్పించు. వైరు పాతదాని మందమే ఉండాలి, సన్నది వద్దు. రంగు మారిన వైరుని మెరిసే రాగి కనిపించేదాకా కోసెయ్యి. జాయింట్లన్నీ ఒకే చోట పడకుండా ఒక్కోటి అంగుళం ఎడంగా వెయ్యి. క్రింపు స్లీవులు (వైర్లని కలిపి నొక్కే చిన్న లోహపు గొట్టాలు) వాడి పైన వేడికి ముడుచుకునే ట్యూబు వెయ్యి. మెలిపెట్టి టేపు చుట్టడం ఇంట్లో దీపావళి సీరియల్ సెట్లకి పనికొస్తుందేమో గానీ దీనికి కాదు. ఒక్కో వైరు తీసేముందు ఫోటో తీసుకో.

అయినా రెసిస్టర్ ఊరికే చావదు. దానికి గాలి తగలాలి, అందుకే దాన్ని గాలి పోయే దారిలోనే పెడతారు. వైపర్ల కింద జాలీలో ఎండుటాకులు పేరుకుపోతే, చలికి ఎలుక లోపల గూడు కట్టుకుంటే, క్యాబిన్ ఫిల్టరు మట్టితో పూడిపోతే గాలి తగ్గి చుట్లు కాగిపోతాయి. మోటారు బుష్షులు (అక్షం తిరిగే తొడుగులు) ఎండి బరువుగా తిరిగితే కరెంటు ఎక్కువ లాగి రెసిస్టర్‌ని కాలుస్తుంది. మోటారుని చేతిలోకి తీసుకుని ఫ్యాన్‌ని వేలితో తిప్పి వదులు. కొన్ని చుట్లు తేలిగ్గా తిరిగి ఆగాలి. గరగరమన్నా, వెంటనే ఆగినా, అక్షం పక్కకి ఊగినా మోటారు కూడా మార్చు. బండిలో ఉండగా స్క్రూడ్రైవరు పిడితో తడితే తిరిగి, కాసేపటికి ఆగే మోటారుకి కార్బన్ బ్రష్షులు అరిగిపోయినట్టు. అలా తట్టి తిప్పుకుంటూ శీతాకాలం గడిపేద్దామనుకోకు.

కరెంటు కొలవాలంటే డీసీ (బ్యాటరీ కరెంటు) కొలిచే క్లాంప్ మీటరు, అంటే వైరు చుట్టూ పట్టుకునే మీటరు, కావాలి. చవకవి చాలావరకు ఏసీ కరెంటు (ఇంట్లో వచ్చేది) మాత్రమే చూపిస్తాయి, పెట్టె మీద చదువుకుని కొను. మామూలు మల్టీమీటరు 10 ఆంపియర్ల రంధ్రంలో వైరు పెట్టి బ్లోయర్‌ని కొలిచావంటే మీటరు లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇంకొకటి: టయోటాల్లో ఎక్కువగా స్విచ్చి ఎర్తు వైపు ఉంటుంది. టెస్ట్ ల్యాంపు ఒక కొస బాడీకి తగిలించి వెతికితే మోటారు రెండు పిన్నుల దగ్గరా వెలుగుతుంది, "కరెంటు వస్తోంది, మోటారే పోయింది" అని పొరబడతావు. మీటరు రెండు కొసలూ మోటారు రెండు పిన్నుల మీదే పెట్టి చూడు. నాలుగులో అక్కడ బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. రెండు వోల్టులు తక్కువొస్తే దారిలో ఎక్కడో దొంగ ఉన్నట్టే. పరీక్షలు రెండు మూడు నిమిషాల్లో ముగించు, ఆ చలిలో బ్యాటరీకి ఓపిక తక్కువ.

ఫ్యూజు పెట్టె మూత వెనక హీటరుకి ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూసి, లోపల ఉన్నదానితో పోల్చు. నీకు ముందు ఆ బండిని ఎవరు ఏం చేశారో మనకి తెలియదు. ఎక్కువది కనిపిస్తే తీసెయ్యి. మన ఇళ్లల్లో ఫ్యూజు పోతే రెండు పోగుల రాగి తీగ చుట్టే అలవాటుంది చూడు, అది నువ్వూ చూస్తూ పెరిగావు. కారులో ఆ పని చెయ్యకు. ఫ్యూజు ఉన్నది మోటారు కోసం కాదు, డ్యాష్‌బోర్డు వెనకాల నీకు కనిపించని వైరు కోసం.

సామాను వచ్చేదాకా నాలుగులోనే నడుపుకో, మరీ అవసరమైతేనే. గాలి అద్దం వైపు తిప్పు, బయటి గాలి తీసుకునేలా పెట్టు. లోపలి గాలే తిరిగేలా పెడితే నీ ఊపిరికే అద్దం మసకేస్తుంది. కాలిన వాసన వస్తే వెంటనే బ్లోయర్ ఆపి బండి పక్కకి తియ్యి. రాత్రి పూట హైవే ఎక్కకు. గోల చేస్తున్నాననుకున్నా ఫర్వాలేదు.

శనివారం నాకు ఇక్కడ రాత్రి అయినా మేలుకునే ఉంటాను. గ్లౌవ్ బాక్సు మూసేముందు కనెక్టరు ఫోటో దగ్గరగా తీసి పంపు, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగిందో దాని కిందే రాయి. నేను చూసి సరే అన్నాక మూద్దువుగాని. చేతికి గ్లౌజులు వేసుకో, రేకు అంచులు కోస్తాయి.

మీ పెదనాన్న