బయట బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తే

“అత్తయ్యగారూ మామయ్యగారూ మొదటిసారి వస్తున్నారండీ. ఇంట్లో అయితే టాయిలెట్ పక్కన కడుక్కునే స్ప్రే పెట్టించాం. బయట తిరిగేటప్పుడు ఏం చేయాలి? అత్తయ్య ఇప్పటినుంచే కంగారు పడుతున్నారు.” వేసవి టికెట్లు బుక్ చేసుకునే రోజుల్లో ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కొత్తగా మాస్టర్స్‌కి దిగిన పిల్లలకీ ఇదే సందేహం, కాకపోతే మొహమాటంతో అడగరు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. నేనుండేది అమెరికా కాబట్టి ఇక్కడి సంగతులే ఎక్కువ.

ముందు కమోడ్ సీటు సంగతి తేల్చేద్దాం. ఎవరెవరో కూర్చున్న సీటు మీద కూర్చుంటే ఏ రోగం అంటుకుంటుందో అన్నది మనవాళ్ళ మొదటి భయం. పొడిగా ఉండే గట్టి ప్లాస్టిక్ మీద సుఖవ్యాధుల క్రిములు ఎక్కువసేపు బతకవు. సీటు మీద కూర్చున్నంత మాత్రాన అవి అంటుకోవడం దాదాపు జరగని పని. యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా మనం అనుకున్నట్టు సీటు నుంచి రాదు. దానికి ఎక్కువసార్లు కారణం మన పేగుల్లోనే ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా. ఆడవాళ్ళలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. వెనకనుంచి ముందుకి తుడుచుకుంటే ఆ బ్యాక్టీరియా సులువుగా లోపలికి చేరుతుంది. తుడుచుకున్నా, కడుక్కున్నా చెయ్యి ముందునుంచి వెనక్కే పోవాలి. ఆడపిల్లలకి చిన్నప్పుడే నేర్పాల్సిన సంగతి ఇది.

సీటు తగలకుండా గాల్లో సగం కూర్చుని కానిచ్చేసేవాళ్ళు చాలామంది. అలా తొడలు బిగబట్టి నిలబడితే కింది కండరాలు సడలవు, మూత్రం పూర్తిగా బయటికి రాదు. పైగా సీటంతా చిందుతుంది. తర్వాత వచ్చినావిడ అది చూసి ఆవిడా గాల్లోనే కూర్చుంటుంది. ఇక ఆ సీటు బాగుపడేదెప్పుడు? షూ వేసుకుని సీటు మీదికెక్కి గొంతుకూర్చోవడం మరీ ప్రమాదం. అది కాళ్ళు పెట్టి నిలబడటానికి చేసింది కాదు, పక్కకి జారితే కాలు విరుగుతుంది.

నిజంగా నష్టం చేసేవి రెండు. ఒకటి, చేతులు సరిగ్గా కడుక్కోకపోవడం. రెండోది, బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు మానేయడం. ఈ రెండోది మన అమ్మల స్పెషాలిటీ. నయాగరాకి బయల్దేరే రోజు కాఫీ కూడా అరకప్పే తాగుతారు. కార్లో బాటిల్ ఇస్తే పెదాలు తడుపుకుని పక్కన పెడతారు. “ఏమ్మా, ఆపమంటావా?” అని కొడుకు అడిగితే “నాకేం అక్కర్లేదు, నువ్వు పోనీరా” అంటారు. ఆరేడు గంటల ప్రయాణం అలా బిగపట్టుకుని చేసి, తిరిగొచ్చిన రెండోరోజుకి మంట, చలిజ్వరం. అప్పుడు అర్జెంట్ కేర్ క్లినిక్‌కి పరుగు, విజిటర్ ఇన్సూరెన్స్‌లో డిడక్టబుల్ (ముందు మన చేతినుంచి కట్టాల్సిన మొత్తం) ఎంతో వెతుక్కోవడం. బీపీకని మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వేసుకునేవాళ్ళు కొందరు ప్రయాణం రోజు దాన్ని చెప్పకుండా మానేస్తారు. ఈ సంగతి బయల్దేరేముందే అడిగి తెలుసుకోండి. మాత్ర వేళ మార్చుకోవచ్చో లేదో ఇండియాలో డాక్టర్‌ని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. కార్లో వాళ్ళని “వెళ్తారా?” అని అడగొద్దు. రెండు గంటలకోసారి మీరే ఆపి, “నేను వెళ్తున్నాను, రండి” అనండి. వస్తారు.

ఎక్కడ ఆపాలన్నది కొత్తవాళ్ళకి వెంటనే తెలియదు. ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలని కలిపే పెద్ద హైవే) మీద నీలం బోర్డు పెట్టి ఉండే రెస్ట్ ఏరియాలు రాష్ట్ర ప్రభుత్వాలవి. డబ్బు అక్కర్లేదు, ఏమీ కొనక్కర్లేదు, పార్కింగ్‌కి ఇబ్బంది ఉండదు. ఇంటర్‌స్టేట్ స్థలంలో వ్యాపారాలు పెట్టకూడదని 1960 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది కాబట్టి అక్కడ వెండింగ్ మెషీన్లు తప్ప హోటళ్ళు కనపడవు. టోల్ రోడ్ల సంగతి వేరు. న్యూజెర్సీ టర్న్‌పైక్ లాంటివాటి మీద పెద్ద సర్వీస్ ప్లాజాలే ఉంటాయి. రెస్ట్ ఏరియా దొరక్కపోతే లవ్స్, పైలట్ లాంటి పెద్ద ట్రక్ స్టాపులు చూసుకోండి, లారీ డ్రైవర్లు స్నానాలు కూడా అక్కడే చేస్తారు కాబట్టి కడిగే మనుషులు ఉంటారు. టెక్సాస్ వైపు ఉన్నవాళ్ళకి బకీస్ అనే పెద్ద పెట్రోల్ బంకుల గురించి చెప్పక్కర్లేదు, బాత్రూమ్‌ల శుభ్రాన్నే హోర్డింగుల మీద వేసుకుంటారు వాళ్ళు. ఊళ్ళో అయితే వాల్‌మార్ట్, టార్గెట్, పబ్లిక్ లైబ్రరీ. స్టార్‌బక్స్‌లో 2018 నుంచి ఏమీ కొనకపోయినా వెళ్ళనిచ్చేవారు. 2025 జనవరిలో ఆ పద్ధతి తీసేశారు కాబట్టి ఓ టీ కొనుక్కోవడానికి సిద్ధపడి వెళ్ళండి. న్యూయార్క్ చూపించడానికి తీసుకెళ్తే బ్రయంట్ పార్క్‌లో ఉన్న పబ్లిక్ బాత్రూమ్‌ని గుర్తుపెట్టుకోండి. పువ్వులు పెట్టి మరీ చూసుకుంటారు దాన్ని. పాత చిన్న గ్యాస్ స్టేషన్లలో (పెట్రోల్ బంకుల్లో) పెద్ద చెక్కముక్కకి కట్టిన బాత్రూమ్ తాళంచెవి ఇస్తారు. లోపల శుభ్రంగా ఉన్నా, ఆ చెక్క మాత్రం ఎవరూ కడగరు!

లోపలికి వెళ్ళాక కూర్చునేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. టాయిలెట్ పేపర్ ఉందా, తలుపు గడియ పడుతోందా, తలుపు వెనక కొక్కెం ఉందా. హ్యాండ్‌బ్యాగ్ కొక్కేనికే తగిలించాలి, నేల మీద పెట్టకూడదు, ఎందుకంటే అదే బ్యాగ్ ఇంటికొచ్చాక డైనింగ్ టేబుల్ ఎక్కుతుంది. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు, పైట చెంగు ముందే పైకి దోపుకుంటే నేలకి తగలవు. తలుపు పక్కన సందులు, కింద జానెడు ఖాళీ చూసి పెద్దవాళ్ళు సిగ్గుపడతారు. ఇక్కడ అలాగే ఉంటాయని, ఎవరూ అటు చూడరని ముందే చెప్పి పంపితే మేలు.

సీటు మీద తడి ఉంటే పేపర్‌తో తుడవండి. గోడకి తెల్లటి పల్చని సీట్ కవర్లు ఉంటాయి. కొత్తవాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు పరిచేసి, మధ్యలో ముక్క ఎందుకుందో తెలియక చింపి పారేస్తారు. మధ్య ముక్కని మూడు వైపులా చింపి ఒక వైపు అలాగే వదిలేయాలి. అది ముందువైపుకి వచ్చేలా కవర్ పరిచి, ఆ ముక్కని కమోడ్ నీళ్ళలోకి వేలాడనివ్వాలి. పనయ్యాక ఫ్లష్ చేస్తే నీళ్ళు ఆ ముక్కని పట్టి కవర్ మొత్తాన్ని లాక్కుపోతాయి, చేత్తో తీయక్కర్లేదు. ఇంతలో ఒక చిక్కు. వెనకాల ఎర్రగా మెరిసే సెన్సార్ కన్ను ఉంటుంది. మీరు వంగి కవర్ సర్దుతుంటే పనయిపోయిందనుకుని అది ఫ్లష్ చేసేస్తుంది, కవర్ గోవిందా. టాయిలెట్ పేపర్ రెండు చదరాలు చింపి ఆ కన్నుకి అడ్డంగా వేలాడదీయండి. లేచాక తీసేస్తే అదే ఫ్లష్ అవుతుంది, కాకపోతే పక్కన చిన్న బటన్ ఉంటుంది. చిన్నపిల్లలు ఆ హోరుకి హడలిపోయి మళ్ళీ ఎక్కమంటే ఎక్కరు. వాళ్ళ కోసం ఆ కన్నుకి అంటించడానికి పర్సులో పోస్ట్-ఇట్ కాగితాలు పెట్టుకునే తల్లులు చాలామంది ఉన్నారు ఇక్కడ. మంచి ఉపాయం.

ఫ్లష్ అయ్యేటప్పుడు కమోడ్ మీదికి వంగి చూస్తూ నిలబడొద్దు. 2022లో కొలరాడో యూనివర్సిటీ ఇంజనీర్లు మూతలేని టాయిలెట్ మీద ఆకుపచ్చ లేజర్ వేసి ఫోటోలు తీశారు. కంటికి కనపడని తుంపరలు 8 సెకన్లలో మీటరున్నర ఎత్తుకి లేచాయి. పబ్లిక్ టాయిలెట్లకి మూతలు ఉండవు కాబట్టి మనం చేయగలిగేది ఒకటే, తలుపు తీస్తూ ఫ్లష్ చేసి బయటికి వచ్చేయడం. ఫోన్ బ్యాగ్‌లోనే ఉంచండి. చేతులు కడుక్కుంటాం గానీ, అక్కడ పట్టుకున్న ఫోన్ కడగం కదా.

ఇక నీళ్ళ సంగతి. పేపర్ ఒక్కటే అంటే మనకి తృప్తి ఉండదు, ఎన్నేళ్ళున్నా ఉండదు. అరలీటరు నీళ్ళ బాటిల్ ఖాళీది ఒకటి బ్యాగ్‌లో ఉంచుకోండి. లోపలికి వెళ్ళేముందే సింక్ దగ్గర నింపుకోండి, పనయ్యాక మధ్యలో లేచి రాలేం. ముందు పేపర్‌తో తుడుచుకుని, ఆ తర్వాత సీటు మీద కాస్త ముందుకి జరిగి, బాటిల్‌ని వెనకనుంచి పట్టుకుని కొద్దికొద్దిగా పోసుకోవాలి. చెంబుతో పోసినట్టు గుమ్మరిస్తే సీటు, నేల, బట్టలు అన్నీ తడుస్తాయి. మూతికి వంపు తిరిగిన గొట్టం ఉన్న ట్రావెల్ బిడే బాటిళ్ళు అమెజాన్‌లో దొరుకుతాయి, నొక్కితే సన్నగా ధార వస్తుంది. పెద్దవాళ్ళకి అవే సులువు. చివరగా పేపర్‌తో ఆరబెట్టుకుని, సీటు మీద చుక్క పడితే తుడిచి రండి. వెట్ వైప్స్ వాడితే కమోడ్‌లో వేయొద్దు. ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా అవి పేపర్‌లా నీళ్ళలో విడిపోవు, పైపులు మూసుకుపోతాయి. శానిటరీ ప్యాడ్లకి పక్క గోడకి చిన్న డబ్బా ఉంటుంది, అందులోనే.

అన్నిటికన్నా హాయైనది ఫ్యామిలీ రెస్ట్‌రూమ్. ఎయిర్‌పోర్టుల్లో, మాల్స్‌లో, పెద్ద షాపుల్లో ఉంటుంది. ఒకటే గది, పూర్తి తలుపు, సింక్ లోపలే. బాటిల్ మళ్ళీ నింపుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మామగారికి అత్తగారు సాయం పట్టాలన్నా, చిన్న పాపని నాన్న తీసుకెళ్ళాలన్నా ఇదే దారి. బయట వీల్‌చైర్ మనిషి ఉంటే మాత్రం ముందు వాళ్ళని పోనివ్వండి.

చేతుల దగ్గర మనవాళ్ళు బద్ధకిస్తారు. రెండు చుక్కల నీళ్ళు తగిలించి ప్యాంటుకి తుడుచుకోవడం కడుక్కోవడం కాదు. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి, వేళ్ళ సందులు, గోళ్ళ కింద కూడా. ఇక్కడి స్కూళ్ళలో పిల్లలకి హ్యాపీ బర్త్‌డే రెండుసార్లు పాడమని నేర్పుతారు. మా ఇంట్లో పెద్దవాళ్ళకి శుక్లాంబరధరం నిదానంగా రెండుసార్లు అని చెప్పాం, అదే లెక్క వస్తుంది. కుళాయి, సబ్బు రెండూ సెన్సార్లవే కాబట్టి మర కోసం వెతకొద్దని, చెయ్యి కింద పెట్టి ఆగమని చెప్పండి. శానిటైజర్ ఉంది కదా అనుకోవద్దు. అందులో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి. అది ఉన్నా, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు. దానికి సబ్బూ నీళ్ళే. కడుక్కున్నాక చేతులు పూర్తిగా ఆరాలి, తడిచేతికి క్రిములు త్వరగా అంటుకుంటాయి. వేడిగాలి మెషీన్, పేపర్ టవల్ రెండూ ఉంటే నేను పేపరే తీసుకుంటాను. అదే పేపర్‌తో బయటి తలుపు పిడి పట్టుకుని లాగి, పక్కనున్న చెత్తబుట్టలో పడేయొచ్చు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఓ మాట. ఇక్కడ బాత్రూమ్ నేల పొడిగా ఉండాలి. చాలాచోట్ల నేల మీద నీళ్ళు పోయే దారే ఉండదు. ఆఫీసులో బాటిల్ వాడినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. సీటు చుట్టూ మడుగు వదిలేసి వస్తేనే గొడవ, తర్వాత వచ్చేవాళ్ళు దాన్ని నీళ్ళనుకోరు. లంచ్ బాక్స్ బాత్రూమ్ సింక్‌లో కడగడం, పొద్దున్నే అక్కడ గొంతులో వేళ్ళు పెట్టి ఖాండ్రించడం కూడా మానుకుంటే మంచిది.

గుళ్ళో చెప్పులు విప్పి వస్తాం కాబట్టి చాలామంది అలా ఉత్తకాళ్ళతోనే రెస్ట్‌రూమ్‌లోకి వెళ్ళి, అవే కాళ్ళతో గర్భగుడి ముందుకి వస్తారు. మడి, ఆచారం పాటించేవాళ్ళు కూడా. అరనిమిషం ఓపిక చేసుకుని చెప్పులు వేసుకుని వెళ్ళండి. విమానంలోనూ అంతే. సాక్సులతో లేచి లావెటరీకి వెళ్ళొద్దు, అక్కడ నేల మీద ఉన్న తడి కుళాయిది కాకపోవచ్చు. ఆ కుళాయి నీళ్ళు తాగడానికి పనికిరావు, పళ్ళు తోముకోవడానికి బాటిల్ నీళ్ళు అడగండి. అక్కడ మూత ఉంటుంది కాబట్టి వేసే ఫ్లష్ చేయండి. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా మీదుగా వచ్చే పెద్దవాళ్ళకి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి: అక్కడి ఎయిర్‌పోర్టుల్లో టాయిలెట్ పక్కన మన ఇళ్ళలోలాగే చేతి స్ప్రే ఉంటుంది. తర్వాతి పద్నాలుగు పదిహేను గంటల విమానం ఎక్కేముందు అక్కడ పని చూసుకోమనండి.

ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా వస్తే ఆ సౌకర్యం ఉండదు, ఖాళీ బాటిల్ సెక్యూరిటీ దాటించి లోపల నింపుకోవాలి. యూరప్ చూద్దామని అక్కడ దిగేవాళ్ళు చేతిలో యూరో చిల్లర ఉంచుకోండి, అమెరికాలో లేని ఖర్చు అక్కడ ఉంది. జర్మనీ హైవేల మీద సానిఫెయిర్ అనే కంపెనీ టాయిలెట్ల గేటు దాటాలంటే 2022 నవంబర్ నుంచి మనిషికి ఒక యూరో. దానికిచ్చే చీటీ పారేయకండి, అదే స్టాపులో కాఫీ కొంటే బిల్లులో ఆ యూరో తగ్గిస్తారు.