బిల్ ఆఫ్ లేడింగ్ పీడీఎఫ్‌ని బ్యాంకు తీసుకోవట్లేదా? ముందు ఎల్‌సీ చూడండి

బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) పీడీఎఫ్ పంపితే బ్యాంకు ఒరిజినలే కావాలంటోంది అన్నారు కదండీ, ఇందులో బ్యాంకు తప్పేం లేదు. ఆ కాగితం చేతిలో ఉన్నవాళ్లకే సరుకు మీద హక్కు, పీడీఎఫ్ అయితే ఎంతమందికైనా పంపొచ్చు, మరి అసలు హక్కుదారు ఎవరో తేల్చేదెలా? అందుకే స్కాన్ కాపీ పనికిరాదు, ఒక టైంలో ఒక్కరి కంట్రోల్‌లోనే ఉండే ఎలక్ట్రానిక్ బిల్ కావాలి, అది ఇస్తారేమో షిప్పింగ్ లైన్‌ని అడగండి. దానికంటే ముందు ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే బయ్యర్ తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తీసి చూడండి, ఈయూసీపీ (ఎల్‌సీ కింద ఎలక్ట్రానిక్ పత్రాలు ఇవ్వడానికి ఉన్న అంతర్జాతీయ నియమాలు) వర్తిస్తుందని అందులో లేకపోతే అమెండ్‌మెంట్ చేయించాలి, చాలామంది దీని దగ్గరే ఇరుక్కుంటారు.

చట్టం సంగతి కూడా ఉంది. ఇలాంటి ఎలక్ట్రానిక్ పత్రాల మీద అన్‌సిట్రాల్ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల కమిషన్) మోడల్ లా, అంటే దేశాలకు నమూనా చట్టం, 2017లో వచ్చింది, సింగపూర్ 2021లో, బ్రిటన్ 2023లో ఎలక్ట్రానిక్ బిల్‌కి చట్టబద్ధత ఇచ్చాయి, మీ బిల్‌కి ఏ దేశ చట్టం వర్తిస్తుందో కనుక్కోండి.

సరుకు దారిలో చేతులు మారదంటే సీ వేబిల్ (సరుకు మీద హక్కు ఇవ్వని రవాణా పత్రం) చాలు, డెలివరీకి ఒరిజినల్ చూపించక్కర్లేదు, ఎల్‌సీ ఒప్పుకోవాలంతే. కానీ డబ్బు రాకముందే సరుకు వెళ్లిపోయే రిస్క్ ఉంది, కొత్త బయ్యర్‌తో మాత్రం వద్దే వద్దు.