సైలెన్సర్ విప్పే ముందు అల్లునికి నాలుగు మాటలు

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి మీ అత్త ఫోన్ల పెద్దగ చేసి చూసిన. గోవాల తయారైన శాన్ స్టార్మ్ బండి మన ఇంటి ముందర నిలబడుతదని ఎన్నడూ అనుకోలే. ఇద్దరు కూర్చునే బండి, టాపు తీసే బండి, ఫైబర్ బాడీ. ఇసొంటి స్పోర్ట్స్ కారు ఒకటి మన దేశంలనే పుట్టిందని ఇప్పటి పిల్లలకు తెల్వదు. ఎందుకు కొన్నవని మీ బాపు కోపానికి వచ్చిండని రాసినవు. నాకు మాత్రం సంతోషమే అయింది. ఆయనకు నేను చెప్పుకుంట గని, జంగు (తుప్పు) తిన్న ఆ సైలెన్సర్ మార్చే పని మాత్రం నేను చెప్పినట్టు చెయ్యి బిడ్డా.

ముందుగాల ఒక్క మాట మనసుల పెట్టుకో. ఎగ్జాస్ట్ అంటే సప్పుడు కోసం పెట్టిన గొట్టం కాదు. ఇంజన్ల పుట్టే విషపు గాలిని మనుషులు కూర్చున్న కాడికి రాకుండ వెనుకకు తీస్కపోయే తొవ్వ అది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. టాపు తీసి నడిపితే గాలి అంతా పైకి కొట్టుకపోతది, భయం లేదు అనుకుంటరు. అది తప్పు. బండి ఉరుకుతుంటే వెనుక గాలి సుడి తిరిగి ముందుకే మళ్లుతది. గొట్టానికి చిల్లు సీటు కిందనో డిక్కీ కిందనో ఉంటే ఆ పొగ మీ దగ్గరికే వస్తది. ఊరు దాటేసరికి తల నొస్తున్నది అంటే ఎండ అనుకోకు, కిందికి వంగి గొట్టం చూడు.

ఇది నేను ఎక్కడనో చదివి చెప్తలేను. షెడ్డు పెట్టిన కొత్తల, ఒక వానకాలం రాత్రి, జల్లు లోపలికి కొడుతుందని షటర్ సగానికి దించి ఇంజన్ నడిపించిన. ఓ పావుగంట గడిచిందో లేదో, నా దగ్గర పని నేర్చుకునే పిల్లగాడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డడు. చెయ్యి పట్టి గుంజి వానలకు తీస్కపోయి కూసోబెట్టిన. మెల్లగ తేరుకున్నడు. తప్పు నాదే. ఆ రోజు నుంచి ఎంత వానైనా షటర్ దించి ఇంజన్ స్టార్ట్ చెయ్యలే. నువ్వు కూడ చెయ్యకు. మీ ఇంటి పోర్టికో మూడు దిక్కుల గోడలే, అక్కడ కూడ వద్దు. బండిని వాకిట్లకు తీసి చెయ్యి.

ఇంక జంగు సంగతి. పైన ఎర్రగ కనిపించేది అంత పెద్ద రోగం కాదు. ఎగ్జాస్టు లోపటి నుంచే తింటది. లీటరు పెట్రోలు కాలితే దగ్గరదగ్గర లీటరు నీళ్లు ఆవిరై గొట్టంలకు వస్తయి. దూరం పోయే బండికి సైలెన్సర్ బాగ కాలి ఆ తడి బయటికి పోతది. హన్మకొండ చౌరస్తా నుంచి సుబేదారి దాకా పోయి బంద్ చేసే బండికి నీళ్లు అందులనే నిలిచి, పొగల ఉండే ఆమ్లంతోని కలిసి ఇనుమును తింటయి. నీ బండి ఏండ్ల తరబడి సముద్రం గాలి తిన్నది, ఆ ఉప్పు బయటి నుంచి తిన్నది వేరు. 2023 జూలైల వరంగల్ హంటర్ రోడ్డు మునిగినప్పుడు నీళ్లల నిలబడ్డ బండ్లను నేను చూసిన. ఇంజన్ ఆరబెట్టిండ్రు, సీట్లు ఆరబెట్టిండ్రు, సైలెన్సర్‌ను ఎవ్వరూ తలుచుకోలే. సప్పుడు మింగే లోపటి దూది తడి అట్లనే ఉండి, అడుగు అతుకు ఏడాదిల విచ్చుకున్నది.

ఇంజన్ పూర్తిగ చల్లారినంక స్క్రూడ్రైవర్ పిడితోని గొట్టం పొడుగుత కొట్టుకుంట పో. మంచి ఇనుము గట్టిగ మోగుతది. జంగు తిన్న కాడ మెత్తటి సప్పుడు వస్తది, పల్లికాయ పొట్టు నలిగినట్టు. అక్కడ మొన పెట్టి ఒత్తు, లోపలికి దిగుతదా చూడు. నేను ఫోటోల చూసిన కాడికి నడిమి గొట్టం వంపు, వెనుక సైలెన్సర్ డబ్బా అడుగు పోయినయి. ముందటి గొట్టం ఉండొచ్చు. అతుకుల దగ్గర నల్లటి మసి గీతలు ఉంటే పొగ అక్కడ నుంచే కారుతున్నట్టు. డబ్బా అడుగున, అంచుకు, పల్లి గింజంత కూడ లేని గుండ్రటి చిల్లు ఒకటి కనిపిస్తే అది మాత్రం జంగు కాకపోవచ్చు. నీళ్లు కారిపోవడానికి తయారు చేసినోళ్లే పెడుతరు. తెలివైన వెల్డర్ అని పేరున్న వాళ్లు కూడ దాన్ని మూసేసుడు నేను చూసిన.

నట్ల విషయంల ఓపిక పట్టాలె. రెండు రాత్రుల ముందు నుంచే డబ్ల్యూడీ-40 నూనె కొట్టి నానబెట్టు. పొద్దున కొట్టి పొద్దున్నే విప్పుత అంటే విరుగుతది. తీసేటప్పుడు ముందు వెంట్రుకంత టైట్ దిక్కు తిప్పు, జంగు పగులుతది, అప్పుడు ఎనుకకు తిప్పు. సగం తిరిగి బిగుసుకుంటే మల్ల టైట్ చేసి, మల్ల నూనె కొట్టి, మల్ల లూజు చెయ్యి. ఆరు మూలల సాకెట్టే వాడు, పన్నెండు మూలలది నట్టు అంచులు కొరుకుతది. నడిమి ఫ్లాంజ్ (రెండు గొట్టాలను కలిపే పట్టీ) బోల్టులు రాకుంటే బాధపడకు, గ్రైండర్‌తోని కోసెయ్యి, కొత్తవి వెయ్యి. మానిఫోల్డ్ (ఇంజన్‌కు అంటుకొని పొగను గొట్టంలకు పంపే భాగం) దగ్గర స్టడ్లు, అంటే తల లేని మర బోల్టులు, మాత్రం వేరే లెక్క. అది విరిగితే మానిఫోల్డ్ దించి, డ్రిల్లు పెట్టి, ట్యాపు వేసి మర తియ్యాలె. ఒక్క గంట తొందర మూడు దినాల పని అయితది.

అక్కడ వేడి పెట్టాల్సి వస్తే నట్టుకు పెట్టు, స్టడ్డుకు కాదు. నట్టు వ్యాకోచించి పట్టు వదులుతది. కని బిడ్డా, నీది ఫైబర్ బాడీ. రేకు బాడీ వేడికి రంగు పోయి ఊరుకుంటది, ఫైబర్ అంటుకుంటది. మంట దగ్గరికి తెచ్చే ముందు తడి గోనెసంచి అడ్డం కట్టు, పక్కన బకెట్‌ల ఇసుక పెట్టుకో. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపుల దిక్కు మంట వద్దే వద్దు. మంట సరిగ పట్టడం రానోని చేతికి మాత్రం ఇయ్యకు.

బండి కిందికి దూరేది జాకీ మీద నిలబెట్టి కాదు. జాకీ లేపడానికే, నిలపడానికి స్టాండ్లు. ఇటుకలు ఒక్క దెబ్బకు పొడి అయితయి. ఫైబర్ అంచు కింద జాకీ పెట్టకు, ఇనుప చాసిస్ చూసి పెట్టు. కండ్లకు అద్దాలు పెట్టుకో, ఆ జంగు పొట్టు సీదా కండ్లల్లకే రాలుతది.

ఆ కంపెనీ బండ్లు చేసుడు ఎప్పుడో బంద్ అయింది, కొత్త సైలెన్సర్ ఏ షాపుల దొరకది. చేయించుకోవాలె. అందుకే పాత గొట్టమే నీకు కొలత. ముక్కలు చేసి పాత సామాన్లోనికి అమ్మకు. విప్పే ముందు ప్రతి అతుకు మీద, రెండు పైపుల మీద పడేటట్టు ఉలితోని ఒక్క గీత కొట్టు. మల్ల అతికేటప్పుడు వంపు ఏ దిక్కు అని వెతుక్కునే పని ఉండదు. సన్నటి ఇనుప సలాక తీస్కొని, గొట్టం బండికి ఉన్నప్పుడే దాని వంపుల వెంట వంచి పెట్టుకో. జంగు తిన్న గొట్టం దించంగనే సగానికి విరిగితే, ఆ సలాకే నీకు దిక్కు.

ఇనుము కొనేటప్పుడు మస్తు మోసాలు జరుగుతయి. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపు అని చెప్పి, మంచిదైన 304 బదులు తక్కువ 202 రకం అంటగడుతరు. అయస్కాంతం పెట్టి చూస్త అంటవు. 304 కు అంటుకోదు నిజమే, కని 202 కు కూడ అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకో, పైపు మీద అచ్చు చూడు. కంపెనీ ఎగ్జాస్టులకు ఎక్కువగ వచ్చే 409 కు అయస్కాంతం అంటుకుంటది, పైన కొంచెం ఎర్రబడుతది కూడ, కని వేడికి నిలబడుతది. నీకు 304, ఒకటిన్నర మిల్లీమీటర్ మందం చాలు. మన దగ్గర దొరకకుంటే సికింద్రాబాద్ రాణిగంజ్ పోయి తెచ్చుకో. జీఐ పైపు సస్తగ వస్తదని ఎవడన్న చెప్తే వినకు. దాని మీది జింకు వెల్డింగ్ వేడికి పొగై లేస్తది, ఆ పొగ పీల్చిన వెల్డరు రాత్రికి చలిజ్వరం పడుతడు.

గొట్టం సైజు పెంచకు. పెద్ద పైపు వేస్తే పికప్ వస్తదని ఆటోనగర్ల పది మంది చెప్తరు. నీ ఇంజన్ 1149 సీసీ. పైపు వెడల్పు అయితే పొగ నెమ్మదైతది, కింది గేర్లల్ల లాగుడు తగ్గుతది. మిగిలేది సప్పుడే. సప్పుడు తగ్గించే సైలెన్సర్ ప్రతి బండికీ ఉండాలె అని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్ల 120వ నియమమే ఉన్నది. పొగల విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే దాన్ని పొడిచి ఖాళీ చేయించకు. లోపట ఖరీదైన ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటయి, అందుకే అది తీసేయమని సలహా ఇచ్చేటోళ్లు ఎక్కువ.

వెల్డింగ్ టిగ్‌తోనే (ఆర్గాన్ గాలి వదులుకుంట చేసేది) చేయించు. గొట్టం లోపటి నుంచి కూడ ఆర్గాన్ వదలాలె. లేకుంటే అతుకు లోపటి దిక్కు నల్లగ చక్కెర పలుకుల తీరు అయి, అక్కడే మల్ల జంగు మొదలు. బండి మీదనే ఒక టాకా వెయ్యాల్సి వస్తే బ్యాటరీ తీగలు రెండూ ఊడదీయించు.

ఎక్కిచ్చేటప్పుడు గాస్కెట్లు (అతుకుల నడుమ పొగ కారకుండ పెట్టే పట్టీలు) కొత్తవి, నట్లు కొత్తవి, మరలకు రాగి పేస్టు. గొట్టాన్ని వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు కూడ అన్నీ మార్చు, సబ్బు నీళ్లు రాస్తే ఎక్కుతయి. రబ్బరు దొరకలేదని తీగతోని గుంజి కట్టకు. స్టార్ట్ చేస్తే ఇంజన్ ఊగుతది, దానితోని గొట్టమూ ఊగాలె. ఊగనియ్యకుంటే అతుకుల కాడ పగులుతది. ఇంజన్ దిక్కు నుంచి మొదలుపెట్టి అన్నీ లూజుగ తగిలించుకుంట వెనుకకు రా. గొట్టానికి, ఫైబర్‌కు నడుమ ఎక్కడైన వేలు రెండు పట్టేంత సందు ఉన్నదో లేదో చూడు. ఉన్నదంటేనే బిగించు. వేడి ఆపే పాత హీట్ షీల్డ్ రేకులు చిన్నగ, వికారంగ ఉన్నయని పడెయ్యకు. నీ బండికి అవే ప్రాణం.

అయినంక, ఇంజన్ బంద్ ఉండంగనే వెనుక నుంచి కంప్రెసర్ గాలి కొంచెం పెట్టి, ప్రతి అతుకు మీద సబ్బు నురుగు రాయి. బుడగ లేస్తే అక్కడ లీకు. మొదటిసారి వేడెక్కినప్పుడు నూనె మాడిన వాసన, కొంచెం పొగ వస్తది, భయపడకు. టాపు తీసుకొని ములుగు దాకా పోయి రా, రానుపోను దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు అయితది. చల్లారినంక నట్లన్నీ ఇంకొకసారి బిగించు. వేడికి గాస్కెట్ అణుగుతది, పాన (స్పానర్) పెడితే పావు చుట్టు తప్పకుండ తిరుగుతది.

షెడ్డుల ఉన్న నాలుగు స్టాండ్లు, పెద్ద సాకెట్ సెట్ తీస్కొని ఆదివారం పొద్దున్నే వస్త. ఎండ ఎక్కకముందే మొదలు పెడదాం. శుక్రవారం నుంచే నూనె కొడుతుండు. నేను వచ్చేదాక మానిఫోల్డ్ నట్ల మీద పాన పెట్టకు.

మీ మామ